పరామర్శకు వచ్చినవాడు

బూడిదరంగు కారొకటి పెరటి దారిలోకి తిరగడం చూసి నెస్సా పాపను గుండెకు అదుముకుంది. రెండంగల్లో వంటింటి కిటికీ కిందికి చేరి, గోడకు వీపు ఆనించి చతికిలబడింది. ఊనాకు ఏడు నెలలు. అమ్మ ఏదో కొత్త ఆట మొదలుపెట్టిందనుకుందేమో, కిలకిలా నవ్వింది. నెస్సా దాని నోటిమీద చెయ్యి వేసింది. గట్టిగా వేస్తే ఊపిరాడదు. వదులుగా వేస్తే బయటికి వినబడుతుంది. ఎంత బలంతో వెయ్యాలో ఆమెకెవరూ నేర్పలేదు.

మనవాళ్ళయితే మూడుసార్లు హారన్ కొట్టాలి. అది ఆమె భర్త మలాకీ పెట్టిన గుర్తు. ఈ కారు ఒక్కసారి కూడా కొట్టలేదు. ఇంజను ఆగింది. తలుపు తెరిచిన చప్పుడు, మూసిన చప్పుడు. కంకరమీద అడుగులు. నెస్సా కళ్ళు మూసుకుని మరియ తల్లిని తలుచుకుంది. మలాకీ దూరంగా పశువుల షెడ్డులో ఉన్నాడు. బయటికి రాకూడదు, రాకూడదు.

"నెస్సా! నీ మడమలు కనబడుతున్నాయే పిల్లా!" నెత్తిమీద కిటికీ అద్దం టకటకలాడింది. "దాక్కోడం కూడా చేతకాకపోతే ఎట్లాగే నీకు?"

అట్రాక్టా గొంతు. రెండు మైళ్ళ అవతల ఉండే రైతు ఫిన్‌టన్ భార్య. నెస్సాకన్నా పదిహేనేళ్ళు పెద్దది, నోరు ఇంకా పెద్దది.

నెస్సా లేచి తలుపు తీసింది. "హారన్ కొట్టమన్నాం కదా! నా ప్రాణం పోయింది."

"మా తమ్ముడి బండి ఇది. హారన్ కొడితే ఇంజనే ఆగిపోతుంది. నా కారు బ్యాటరీ చచ్చి కూర్చుంది." అట్రాక్టా గుడ్లబుట్ట బల్లమీద పెట్టి పాపను అందుకుంది. "ఏమే బంగారూ, మీ అమ్మకు పిచ్చి పట్టిందటే? ఐదు వారాల్లో ఎంత చిక్కిపోయిందో చూడు. అమ్మ బుగ్గలు కూడా నువ్వే తినేశావా?"

ఐదు వారాలు. మాంసం ఫ్యాక్టరీ గేటు ముందు రైతులు నిలబడి అన్నాళ్ళయింది. కిలో మాంసానికి ఫ్యాక్టరీ మూడున్నర యూరోలు కూడా ఇవ్వనంటోంది. కోడెను మేపి, మందులు వేసి, రెండు చలికాలాలు సాకితే ఖర్చే నాలుగు దాటుతుంది. పైగా ముప్పై నెలల వయసు దాటిన కోడె అయితే ఇంకా కోత. ఇన్నేళ్ళూ ఫ్యాక్టరీ చెప్పిన ధరకు రైతులు తలూపుతూ వచ్చారు. ఈ సెప్టెంబరులో ఊపలేదు. పగలూ రాత్రీ వంతులు వేసుకుని గేటుకు అడ్డంగా నిలబడ్డారు. పశువుల లారీలు వచ్చినవి వచ్చినట్టే వెనక్కి తిరిగాయి.

ఫ్యాక్టరీ కోర్టుకు వెళ్ళింది. ఆరుగురి పేర్లతో ఉత్తర్వు తెచ్చింది. లాయర్ల ఉత్తరాలు చూసి మిగతా జనం మెల్లగా పలచబడ్డారు. ఇక గేటు ఆ ఆరుగురి మీదే నిలిచింది. ఆ కాగితం ఎవరి పేర ఉందో వాళ్ళ చేతికే స్వయంగా అందాలని, అందేదాకా దాని సంగతి తెలియనట్టే లెక్క అని అందరిలోకీ పెద్దవాడైన కోల్మన్ చెప్పాడు. చేతికి అందిన తర్వాత కూడా గేటు దగ్గర కనబడితే జైలు. ఫ్యాక్టరీకి జరిగిన నష్టం కట్టాలి. కట్టలేకపోతే భూమి పోతుంది. గేటు దగ్గర పేరు అడిగితే ఎవరూ చెప్పరు, ఇంటి దగ్గరైతే దాగదు. అందుకని రెండు వారాలుగా తెలియని కారు కనబడితే చాలు, ఆరిళ్ళల్లోనూ మగవాళ్ళు గడ్డిమోపుల వెనక్కీ ఆడవాళ్ళు కిటికీల కిందికీ పోతున్నారు.

"కోల్మన్‌కు కూడా అందింది, విన్నావా?" అంది అట్రాక్టా.

నెస్సా చేతిలో కెటిల్ ఆగిపోయింది. "ఎప్పుడు?"

"నిన్న సాయంత్రం. బంగాళాదుంప వేపుళ్ళు అమ్మే బండి దగ్గర. డబ్బులిచ్చి చెయ్యి చాపాడట. పక్కనున్నవాడు పొట్లం అందుకుని, దాని కింద కాగితం పెట్టి, 'ఉప్పు సరిపోయిందా కోల్మన్' అంటూ చేతిలో పెట్టాడట. మనకు చట్టాలు చెప్పే మనిషి! వేపుళ్ళకు పడిపోయాడు." అట్రాక్టా నవ్వింది కానీ కళ్ళు నవ్వలేదు. "నలుగురికి అందాయి. ఇక మిగిలింది మీ ఆయనా, మా ఆయనా."

"సోమవారం దాకా..."

"సోమవారం దాకా. అంతే. మాట్లాడుకుందాం రమ్మని ఫ్యాక్టరీవాళ్ళే కబురు పంపారు కదా. ఆ రోజుకు గేటు మూసి ఉంటే మన మాట వింటారు. తెరుచుకుందా, బల్లమీద బిస్కెట్లు పెట్టి పంపించేస్తారు." ఆమె పాపను తిరిగి ఇచ్చింది. "ఇవాళ శుక్రవారం. ఇంకో మూడు రోజులు ఎవరికీ తలుపు తియ్యకు. పోప్‌గారు వచ్చినా సరే."

పోతూ పోతూ గోడమీద అత్తగారి ఫొటో ముందు ఆగి సిలువ గుర్తు వేసుకుంది. నోనీ పోయి ఇరవై రోజులే అయింది. "ఏం మనిషి! నలభై ఏళ్ళు పుట్టింటి ఊసే ఎత్తుతూ వచ్చింది. చివరికి గోతిలో నీళ్ళు ఊరాయన్న వంకతో పుట్టింటికే పోయి పడుకుంది."

నిజమే. కిల్‌టూబర్ శ్మశానంలో గొయ్యి తవ్వి పెట్టారు. రెండు రోజుల వానకు అది నిండిపోయింది. పంపు పెట్టి తోడుతున్నకొద్దీ ఊరింది. పూజ అయ్యాక ఫాదర్‌గారు ఒక మాట చెప్పారు, పదకొండు మైళ్ళ అవతల డ్రమ్‌షాన్‌లో ఆమె పుట్టింటివాళ్ళ సమాధి ఉంది కదా అని. వచ్చినవాళ్ళంతా వానలో కార్ల వరస కట్టి అక్కడికే వెళ్ళారు.

అట్రాక్టా కారు వెళ్ళిపోయింది. నెస్సా గడియ వేసి, ఒకసారి లాగి చూసి, మళ్ళీ లాగి చూసింది.

నోనీ సంతకం పెట్టకముందైతే ఇంత భయం ఉండేది కాదు. భూమి ఆమె పేరున ఉండేది. మలాకీ మీద ఎన్ని కాగితాలు తెచ్చినా అతని దగ్గర తీసుకోడానికి ఏముందని? గంబూట్లు, గొంతు. ఈ వసంతంలో ఒంట్లో బాగాలేక ఆవిడ అంతా కొడుకు పేర రాసి సంతకం పెట్టేసింది. నలభై ఆరెకరాలు, ఈ ఇల్లు, షెడ్డులో పధ్నాలుగు కోడెలు, అన్నీ ఇప్పుడు మలాకీవి. ఊనా తొట్టి వేసిన గది కూడా. రాత్రుళ్ళు నెస్సా ఆ గది గోడలు తడిమి చూసుకునేది. పాపకు పాలు పడుతూ, ఈ ఇల్లు పోతే తొట్టిని ఎక్కడ వేస్తాననే ఆలోచన మొదలయ్యేది. దానికి చివర ఉండేది కాదు.

"సోమవారం దాకా ఇంట్లోనే ఉండిపోరాదూ," అని పొద్దున కూడా అడిగింది.

"నేను పోకపోతే ఫిన్‌టన్ ఒక్కడే అవుతాడు. ఒక్కడు నిలబడితే గేటు కాదు, కంచెగుంజ," అన్నాడు మలాకీ. లారీలు వచ్చేది మధ్యాహ్నం రెండు తర్వాతే, అప్పుడు అతని వంతు.

పదకొండున్నర అయింది. సోడా రొట్టె పొయ్యిలోంచి తీస్తుండగా మళ్ళీ కారు చప్పుడు.

హారన్ లేదు.

నెస్సా పెనం అక్కడే వదిలేసి, పాపను ఎత్తుకుని తలుపు పక్క మూలకు నక్కింది. ఈసారి మడమలు లోపలికి లాక్కుంది. ఇల్లు అలవాటు లేనివాళ్ళూ పరాయివాళ్ళూ వీధివైపు తలుపే కొడతారు. ఆ తలుపు నోనీ శవపేటిక వెళ్ళిన రోజున తీసిందే, మళ్ళీ తియ్యలేదు. ఈ అడుగులు అటు పోలేదు. ఇంటిని చుట్టి, కోళ్ళను తప్పుకుంటూ, బట్టలు ఆరేసిన తాడు కింద వంగి, తెలిసినవాళ్ళు వచ్చినట్టే వంటింటి తలుపు దగ్గరికి వచ్చాయి.

రెండుసార్లు మెత్తగా తట్టిన చప్పుడు.

"అమ్మా," అంది మగగొంతు. పెద్దవయసు, నెమ్మదైన మాట. "పెద్దావిడ పోయారని తెలిసింది. మీ ఇంటి కష్టానికి చాలా బాధగా ఉందమ్మా."

ఆ మాట అన్న మనిషిని గుమ్మం బయట నిలబెట్టడం ఆ నేలమీద ఎవరికీ తెలియదు. పగవాడైనా సరే, చావు జరిగిన ఇంటికి వచ్చి ఆ మాట అంటే తలుపు తియ్యాలి, చెయ్యి కలపాలి, టీ పొయ్యాలి. ఈ ఇరవై రోజుల్లో నెస్సా ఎన్ని చేతులు కలిపిందో లెక్క లేదు. ఆమె ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే బాగుండేదని తర్వాత అనుకుంది. చెయ్యే వెళ్ళి గడియ తీసింది.

అరవై దగ్గర వయసు. ముదురు గోధుమరంగు కోటు, తుడిచి వేసుకున్న బూట్లు. టోపీ చేత్తో పట్టుకుని ఉన్నాడు. నెస్సా చేతిని తన రెండు చేతుల్లోకీ తీసుకున్నాడు. చేతులు వెచ్చగా ఉన్నాయి.

"రండి, కూర్చోండి. టీ పెడతాను."

"వద్దమ్మా, ఎందుకు శ్రమ."

"శ్రమేముంది, నీళ్ళు కాగే ఉన్నాయి."

"వద్దంటే వినరు కదా మీరు," అంటూ కూర్చున్నాడు. కోటు లోపలి జేబులోంచి తెల్ల కవరు అంచు కనబడింది. నెస్సాకు మనసు తేలికపడింది. పోయినవాళ్ళ ఆత్మకోసం పూజ చేయించి, ఆ కార్డు కవర్లో పెట్టి తేవడం మామూలే. అలాంటి కవర్లు అల్మారామీద ముప్పై దాకా నిలబెట్టి ఉన్నాయి.

వేడి రొట్టె కోసి, వెన్న రాసి, టీ పోసింది. అతను ఊనాను చూసి వేలు ఊపాడు. "పెద్దావిడ పోలికే," అన్నాడు. "కళ్ళు చూడండి."

"అందరూ అదే అంటారు."

"పూజ ఎంత బాగా జరిగిందమ్మా. నేను వెనకాల ఉన్నాను, మీరు చూసి ఉండరు. తర్వాత కిల్‌టూబర్‌లో కూడా గోడపక్కన నిలబడ్డాను. మీ ఆయన్ను పలకరిద్దామనుకున్నాను, కానీ గొయ్యి చుట్టూ ఎంత జనమో! అందుకే ఇవాళ వచ్చాను. ఇంటాయన ఉన్నారా? ఒకసారి చెయ్యి కలిపి వెళ్ళిపోతాను."

నెస్సా చేతిలో పాలగిన్నె ఉంది. దాన్ని బల్లమీద పెట్టింది. చప్పుడు కాకుండా పెట్టడానికి చాలాసేపు పట్టింది.

కిల్‌టూబర్‌లో గొయ్యి చుట్టూ ఎవరూ లేరు. కప్పలు తప్ప. వానలో తడిసినవాడు, డ్రమ్‌షాన్ బురదలో బూట్లు పోగొట్టుకున్నవాడు ఎవడూ ఆ మాట అనడు. కిల్‌టూబర్ అని చెప్పింది ఒక్క రేడియో. ముందురోజు పొద్దున వార్తల తర్వాత చావు కబుర్లు చదువుతారే, అందులో. పూజ ఎక్కడ, ఎన్నింటికి, తర్వాత ఖననం కిల్‌టూబర్‌లో అని.

అతను రొట్టె తింటున్నాడు. నెమ్మదిగా, ముక్క ముక్కే తుంచుకుని. ఇంట్లో ఆమె, పాప, అతను. తలుపుకూ ఆమెకూ మధ్య అతని కుర్చీ.

"పాపకు గుడ్డ మార్చాలి," అంది. "ఆరేసినవి తెచ్చుకుంటాను. మీరు తాగుతూ ఉండండి."

"నిదానంగానే రండమ్మా. నాకేం తొందర లేదు."

అతని మోకాళ్ళు రాసుకుంటూ బయటపడింది. పెరట్లో నీలం కారు ఆగి ఉంది. తాడుమీద గుడ్డలు దాటే దాకా నడిచింది. ఆ తర్వాత పరుగు. పాప తల భుజానికి కొట్టుకుంటోంది. దానికి ఈ ఆట నచ్చలేదు, ఏడుపు లంకించుకుంది.

షెడ్డులో మలాకీ ఒక కోడె మెడను ఇనుప చట్రంలో బిగించి చెవి బిళ్ళ సరిచేస్తున్నాడు. ఆమె ముఖం చూసి పరికరం కింద పడేశాడు.

"పాపకేమైంది?"

"పాపకేం కాలేదు. నేనే... మలాకీ, నేను తలుపు తీశాను. ఒకతన్ని లోపల కూర్చోబెట్టాను. అత్తయ్య కోసం వచ్చానన్నాడు. ఆ మాట అన్నాడు, నేను తీసేశాను. కాగితం మనిషే. కిల్‌టూబర్‌లో గొయ్యి దగ్గర నిలబడ్డానంటున్నాడు. అక్కడ ఎవరున్నారు? నువ్వు గోడ దూకి కోల్మన్ పొలంలోంచి వెళ్ళిపో. నేను నువ్వు లేవని చెప్తాను. గేటుకు పోయాడని చెప్తాను. ఏదో ఒకటి చెప్తాను, ముందు నువ్వు పో!"

మలాకీ కదల్లేదు. కోడె చట్రంలో తల విదిలించింది, ఇనుము గలగలమంది.

"అమ్మ కోసం వచ్చానన్నాడా?"

"అబద్ధం ఆడాడు!"

"పెద్దాయనా?"

"అరవై ఉంటాయి. అయితే ఏంటి?"

"అరవై ఏళ్ళవాడు ఊరి పేరు తప్పు చెప్పి ఉండొచ్చు. ఆ వానలో ఎవడు ఏ శ్మశానంలో ఉన్నాడో ఫాదర్‌కే తెలియదు." అతను చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. "చేతిలో ఏమన్నా ఉందా?"

"జేబులో కవరుంది. తెల్లది."

"పూజ కార్డేమో."

"కాదు! నీకూ తెలుసు కాదని!"

"తెలియదు నెస్సా. నీకూ తెలియదు. అదే కదా గొడవ." అతని గొంతు పెరగలేదు. పెరిగినా బాగుండేది. "రెండు వారాలుగా నా పెరట్లో నేను దొంగలా తిరుగుతున్నా. మొన్న పోస్టాయనను చూసి దురదగొండి పొదల్లో పడుకున్నా. దానికేం, పడుకుంటా. కానీ ఒక మనిషి మా అమ్మ పేరు చెప్పి మా అమ్మ వంటింట్లో కూర్చుంటే, నేను పేడగుంట వెనక నక్కాలా? నిజంగానే వచ్చినవాడైతే? ఊళ్ళో ఏం చెప్పుకుంటాడు, నోనీ కొడుకు తల్లి చావుకు చెయ్యి కలపడానికి కూడా బయటికి రాలేదనా?"

"ఏమన్నా చెప్పుకోనీ! ఇల్లు పోతుంది మలాకీ. పాపను చూడు. దీన్ని చూడు ఒకసారి."

చూశాడు. చాలాసేపే చూశాడు. తర్వాత కుళాయి దగ్గరికి వెళ్ళి సబ్బు రాసి చేతులు కడుక్కున్నాడు, మోచేతుల దాకా, పూజకు వెళ్ళేవాడిలా. నెస్సా చొక్కా పట్టుకుంది. అతను విడిపించుకోలేదు. ఆమె పట్టుకుని ఉండగానే నడిచాడు. పెరడంతా ఆమె అలాగే వెనకాల వచ్చింది, ఒక చేత్తో పాప, ఒక చేత్తో చొక్కా కొస.

లోపలికి రాగానే ఆ మనిషి లేచి నిలబడ్డాడు. కుడిచెయ్యి చాపాడు. "మీ కష్టానికి బాధగా ఉంది."

"సంతోషమండీ, వచ్చినందుకు," అన్నాడు మలాకీ. చెయ్యి కలిపాడు.

చెయ్యి వదలకుండానే అతను అడిగాడు. "మలాకీ డన్‌లీవీ మీరేనా?"

వంటింట్లో గడియారం ఒకటుంది. అది అంత గట్టిగా కొట్టుకుంటుందని నెస్సాకు అంతవరకూ తెలియదు. కాదను, కాదను, అని ఆమె పెదవులు కదిలాయి. అమ్మ వంటింట్లో నిలబడి, తన పేరు తనది కాదని ఎలా అంటాడు?

"నేనే."

ఎడమచెయ్యి వచ్చింది, కవరుతో. కలిసి ఉన్న చేతుల మధ్యకే దాన్ని తోశాడు. "హైకోర్టు ఉత్తర్వు ఇది. మీ చేతికి అందింది." అప్పుడు వదిలాడు.

ఊనా ఏడుపు ఆపి చూస్తోంది.

"మా అమ్మను ఎప్పుడన్నా చూశారా మీరు?" అడిగాడు మలాకీ.

అతను టోపీ అందుకున్నాడు. "లేదు."

"మాట్లాడారా?"

"లేదండీ. రేడియోలో విన్నాను." తలుపువైపు తిరిగాడు.

"కప్పులో సగం ఉంది. తాగి వెళ్ళండి. సగం టీ వదిలేసి ఈ ఇంట్లోంచి ఎవరూ పోలేదు, ఆవిడ ఉన్నన్నాళ్ళూ."

తిడితే, నెట్టేస్తే అతను తట్టుకునేవాడేమో. అలాంటివి ఎన్ని చూశాడో. ఇప్పుడు మాత్రం ముఖం ఎర్రబడింది. నిలబడే కప్పు ఎత్తి అడుగుదాకా తాగాడు. చల్లారిపోయిన టీ. కప్పు పెట్టి, ఎవరివైపూ చూడకుండా వెళ్ళిపోయాడు. కారు తిరిగిన చప్పుడు. కోళ్ళు అరిచిన చప్పుడు. తర్వాత రోడ్డు.

మలాకీ కవరు చింపాడు. పదకొండు పేజీలు. నెస్సా అతని భుజం మీదుగా చదవబోయింది కానీ అక్షరాలు నిలబడలేదు. జైలు అన్న మాట కనబడింది. ఆస్తి అన్న మాట కనబడింది. పెద్ద పెద్ద మాటల మధ్య తమ ఊరి పేరు, పొలం పేరు, ఎవరో పరాయి చేత్తో వాళ్ళ ఇంట్లో సామాను సర్ది పెట్టినట్టు ఉన్నాయి. తర్వాత ఆరు పేర్లు.

"పోతావా?" అడిగింది.

మలాకీ తలుపు వెనక తగిలించి ఉన్న పసుపుపచ్చ జాకెట్టు వైపు చూశాడు, గేటు దగ్గర వేసుకునేది. తర్వాత పాప వైపు. "పోను," అన్నాడు. "పోలేను. దీన్ని ఎత్తుకుని ఏ ఇంట్లో ఉంటాం?" కుర్చీలో కూలబడ్డాడు. అతను పోకూడదని ఐదు వారాలుగా మొక్కుకుంది ఆమె. పోనన్నాడు. సంతోషించాల్సిన చోట సంతోషం రాలేదు. మొగుడి ముఖం అలా ఉండగా ఎప్పుడూ చూడలేదు, తల్లిని గోతిలో దించినప్పుడు కూడా.

అతను కోల్మన్‌కు ఫోన్ చేశాడు. అవతలి గొంతు బల్ల ఇటువైపుకు కూడా వినబడింది. "నీకూనా? అయ్యో నా తండ్రీ! ఎవరు తీశారు తలుపు?"

మలాకీ కళ్ళెత్తలేదు. "నేనే. నేనే బయటికి వెళ్ళి చేతిలో పెట్టించుకున్నా."

"దద్దమ్మవిరా నువ్వు."

"నీ వేపుళ్ళు చల్లారకముందే తిన్నావా కోల్మన్?"

అవతల నవ్వో, దగ్గో. తర్వాత, "ఇక ఫిన్‌టన్ ఒక్కడే. వాడికి కూడా అందితే సాయంత్రానికి లారీలు లోపల ఉంటాయి. సోమవారం మనం పోయి ఏం మాట్లాడతాం, వాతావరణమా?"

ఫోన్ పెట్టేశాక మలాకీ కాగితాలు మడుస్తున్నాడు. నెస్సా ఆ ఆరో పేరునే చూస్తోంది. ఫిన్‌టన్. అట్రాక్టా వాళ్ళ నాన్న జూన్‌లో పోయాడు. అల్లుడింట్లోనే ఉండేవాడు, అక్కడే పోయాడు. ఆయన పేరు కూడా రేడియోలో చదివారు. పూజ ఎక్కడో, ఖననం ఎక్కడో, ఎవరి మామగారో.

ఆ కారు రోడ్డు మీదికి వెళ్ళి ఎంతసేపయింది? పది నిమిషాలా?

ఫోన్ తీసుకుంది. మలాకీ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "ఏం చెప్తావు? నువ్వు తీశావని చెప్తే ఊరంతా... అట్రాక్టా నోరు నీకు తెలియదా? నేను చెప్పేశాను కదా నేనేనని."

"అతను ఏం మాట అంటే నేను తీశానో చెప్పాలి కదా," అంది నెస్సా. "తలుపు బయటినుంచి ఆ మాట నువ్వు వినలేదు. నేను విన్నాను."

నాలుగు మోతలు మోగాక అట్రాక్టా ఎత్తింది.

"అక్కా, నేను. మలాకీకి అందింది. తలుపు తీసింది నేను. తిట్టేది తర్వాత తిట్టు. బూడిదరంగు కాదు, నీలం కారు. గోధుమరంగు కోటు. పెద్దమనిషిలా ఉంటాడు. పెరటి తలుపుకే వస్తాడు. మీ నాన్న పోయారని తెలిసింది, బాధగా ఉంది అంటాడు. తియ్యకు."

అట్రాక్టా తిట్టలేదు. ఎప్పుడూ లేనిది.

"మా నాన్న పేరు చెప్తాడా?"

"చెప్తాడు."

"మా నాన్న కోసం వచ్చానన్నవాణ్ణి బయట నిలబెట్టమంటావా నన్ను?"

"నేనూ నిలబెట్టలేకపోయాను. అందుకే చెప్తున్నా. ఫిన్‌టన్ ఎక్కడ?"

"పై పొలంలో. భోజనానికి వస్తాడు." అప్పుడే ఫోన్‌లో కుక్క మొరిగింది. ఒకసారి, తర్వాత ఆపకుండా. అట్రాక్టా గొంతు గుసగుసలోకి దిగింది. "కారొచ్చింది. నీలం. నెస్సా, పెట్టెయ్యకు. ఉండు. నువ్వు అక్కడే ఉండు."

"ఉన్నా. గడియ వేసి ఉందా?"

"ఉంది."

"అడుగు. రేడియో చెప్పనిదేదన్నా అడుగు."

తట్టిన చప్పుడు నెస్సాకు కూడా వినబడింది, మెత్తగా, రెండుసార్లు. మగగొంతు ఏదో అంది. మాటలు తెలియలేదు, ఆ నెమ్మది మాత్రం తెలిసింది. మలాకీ లేచి వచ్చి ఫోన్‌కు చెవి ఆనించాడు. అట్రాక్టా ఏడుస్తోంది. అట్రాక్టా ఏడవడం నెస్సా ఎప్పుడూ వినలేదు. కుర్చీ జరిగింది. గడియమీద చెయ్యి పడినట్టు ఇనుము కదిలింది.

"మా నాన్నతో చెయ్యి కలిపావా ఎప్పుడైనా?" అట్రాక్టా తలుపులోంచి అరుస్తోంది.

గొంతు ఏదో బదులిచ్చింది. కలిపానన్నాడు కాబోలు.

"అయితే చెప్పు. కుడిచేతికి ఎన్ని వేళ్ళున్నాయి ఆయనకు?"

గడ్డి కట్టలు కట్టే యంత్రంలో ఆ ముసలాయన రెండు వేళ్ళు పోయి ముప్పై ఏళ్ళు. చెయ్యి కలిపినవాడెవడూ మరిచిపోలేని చెయ్యి అది. కుక్క మొరుగుతూనే ఉంది. తలుపు అవతల నుంచి మాట లేదు. ఒకటి, రెండు, మూడు, నెస్సా తెలియకుండానే లెక్కపెడుతోంది. మాట లేదు.

తర్వాత ఏదో గీరుకున్న చప్పుడు, నేలమీద.

"తలుపు కిందనుంచి తోశాడు," అంది అట్రాక్టా. "తెల్లకవరు. నా కాలి దాకా వచ్చింది నెస్సా. ఏం చెయ్యను?"

"ముట్టుకోకు. ఫిన్‌టన్ చేతికి చేరనంతసేపూ అది అందనట్టే. వెనక్కి జరుగు. ఫిన్‌టన్‌కు ఫోన్ చేసి ఇంటికి రావద్దని చెప్పు. భోజనం లేకపోతే పోయింది, పొలంలోంచే గేటుకు పొమ్మను. ఆ కవరు అక్కడే పడి ఉండనీ, సోమవారం దాకా."

"చీపురు కూడా వెయ్యకూడదా?"

"వెయ్యొద్దు."

"నేను పొయ్యి దగ్గరికి పోవాలంటే దాని మీదినుంచే దాటాలే పిల్లా."

"దాటు అక్కా," అంది నెస్సా. "పెద్ద అడుగు వేసి దాటు. నేను ఇక్కడే ఉన్నా, ఫోన్ పెట్టను."